వారమునకొక ఓడ

విశాఖపట్టణపు బాహ్యనౌకాశ్రయములోనికి ఒక కంటైనరు నౌక ప్రవేశించునప్పుడు ఆ రాకలో ఆకస్మికత ఏమియు ఉండదు. అది ఏ వారమున ఏ దినమున రావలెనో, బెర్తువద్ద ఎన్ని గంటలు నిలువవలెనో, ఎన్ని పెట్టెలను దించి మఱెన్నింటిని ఎక్కించుకొని కొలంబోకో సింగపూరుకో సాగిపోవలెనో చాల ముందుగనే నిర్ణయమై యుండును. ఆ నిర్ణయమును నమ్మి, భీమవరము ప్రాంతమున చెరువులో రొయ్యను పట్టించు రైతు మొదలుకొని ఒడిషాలో అల్యూమినియము దిమ్మలను కట్టలు కట్టించు కర్మాగారము వఱకు ఎందఱో తమ పనులను ఆ నౌక గడియారమునకు ముడివేసికొని యుందురు. రేవు అనగానే మన కన్నుల యెదుట మెదలునవి ఎత్తైన క్రేనులు, గుట్టలుగా పేర్చిన రంగురంగుల పెట్టెలు, సముద్రమునకు అడ్డుకట్టిన రాతిగోడలు. అవి యన్నియు కావలసినవే. కాని నియతకాలమున నౌకలు వచ్చి పోవు సేవ యొకటి అచ్చట వేరూనినప్పుడే ఆ కట్టడము కంటైనరు రేవు అనిపించుకొనును. అట్టి సేవ ఎట్లు పుట్టునో, ఎట్లు నిలుచునో, ఏ కారణమున ఒక రేవును వరించి మఱియొక రేవును విడిచిపోవునో ఈ అధ్యాయములో పరిశీలింతము.

బొగ్గును, ఇనుపఖనిజమును మోయు నౌకల పద్ధతి వేఱు. సరకు సిద్ధమైనప్పుడు అవి కుదురును, నిండినప్పుడు కదలును, తదుపరి యాత్ర ఎచ్చటికో ఆనాటి బేరమును బట్టి తేలును. కంటైనరు నౌక నిండినను నిండకున్నను చెప్పిన గంటకు కదలవలసినదే. మన పల్లెలలోని మంగళవారపు సంత ప్రతి మంగళవారమును జరుగును గనుకనే చుట్టుపట్ల పది గ్రామముల నేతగాడును, పశువుల బేరగాడును, కూరగాయల రైతును ఎవరి పిలుపును లేకయే అచ్చటికి చేరుదురు. అదే సంత ఒక వారము బుధవారమునకు మాఱి, మఱియొక వారము జరుగక పోయినచో, కొన్ని నెలలలో ఆ తోపున చెట్లు తప్ప మఱేమియు మిగులదు. నౌకాసేవకును ప్రాణము ఈ వారనియమమే. సరకు ఉన్నచోటికి నౌక వచ్చును, నౌక వచ్చుచోటికి సరకు వచ్చును; ఈ రెంటిలో ఏది ముందు కదలవలెను అన్నదే ప్రతి క్రొత్త రేవునకును ఎదురగు మొదటి చిక్కు.

ఈ నియమము పూర్వము సాధ్యము కాకపోవుటకు కారణము సముద్రము కాదు, రేవే. సరకును బస్తాలుగను, పీపాలుగను, చెక్కపెట్టెలుగను, బేళ్లుగను మోసిన కాలమున ఒక మోస్తరు నౌకను దించి నింపుటకు దినములు, ఒక్కొక్కప్పుడు వారములు పట్టుచుండెను. వాన కురిసినచో పని ఆగుచుండెను. నౌక తన జీవితములో చాల భాగమును నీటిపై నడుచుటకు గాక గోడకు ఆనుకొని నిలుచుటకే వెచ్చించుచుండెను. అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రమున లారీల వ్యాపారముతో పైకి వచ్చిన మాల్కమ్ మెక్లీన్ అను నతడు ఈ జాప్యమునే లక్ష్యముగా పెట్టుకొనెను. 1956 ఏప్రిల్ 26వ తేదీన ‘ఐడియల్ ఎక్స్’ అను పాత చమురు ఓడ, పైభాగమున అమర్చిన చట్రముపై 58 ఉక్కుపెట్టెలను మోసికొని న్యూజెర్సీ తీరమందలి న్యూఆర్కు నుండి టెక్సాసులోని హ్యూస్టనుకు బయలుదేఱెను. ఇంచుమించు ఏడు నిమిషములకొక పెట్టె చొప్పున క్రేను వానిని ఎక్కించుటతో ఎనిమిది గంటలలోపలనే పని ముగిసెను. విడిసరకును ఓడ కెక్కించుటకు ఆనాడు టన్నుకు 5 డాలర్ల 80 సెంట్లకు పైగా పడుచుండగా, ఈ పద్ధతిలో 16 సెంట్లకు లోపుగనే పడెను. నౌకాయాన చరిత్రలో ఇంతటి వ్యత్యాసము ఒక్కసారిగా కనిపించిన సందర్భములు అరుదు.

పెట్టె యనగానే అది సామాన్యవస్తువని తలంపరాదు. దాని శక్తి గోడలలో లేదు. గోడలు ముడుతలు పెట్టిన పలుచని ఉక్కురేకులు మాత్రమే. భారమంతయు నాలుగు మూలస్తంభములపై పడును. ఆ స్తంభముల పైకొనలందును క్రిందికొనలందును కోలగా రంధ్రములు చేసిన ఉక్కుపోతలు ఎనిమిది యుండును. క్రేను చట్రమునకు వ్రేలాడు నాలుగు ఉక్కుమొలలు పైనున్న రంధ్రములలో దిగి, తొంబది డిగ్రీలు తిరిగి బిగిసికొనగనే, ముప్పది టన్నుల వఱకు బరువు గల పెట్టె మనుష్యుని చేయి తగులకయే గాలిలోనికి లేచును. అదే విధమైన బిగింపులు ఒక పెట్టెను మఱియొక పెట్టెపైన, ఓడ అంతస్తుపైన, లారీపైన, రైలుబండిపైన పట్టి యుంచును. ఓడ గర్భమున అడుగున నున్న పెట్టె తనపై నిండుగా నున్న మఱియెనిమిది పెట్టెల బరువును, ఓడ ఊగుట వలన పెరుగు ఒత్తిడితో సహా, ఆ నాలుగు స్తంభములతోనే ఓర్చుకొనవలెను. ఇంతటి భారమును మోయు పెట్టెలలో బరువును తక్కువగా వ్రాయించి అబద్ధమాడినచో దొంతరలే కూలును, ఓడ సమతౌల్యమే చెడును. అందుచేతనే 2016 జూలై 1 నుండి, నిండిన ప్రతి పెట్టెను తూచి బరువు ధ్రువపఱచినగాని ఓడ కెక్కింపరాదని అంతర్జాతీయ నిబంధన అమలులోనికి వచ్చెను.

ఐనను, ఈ యంత్రకౌశలమంతయు ఒక్క దేశమునందే నిలిచిపోయి యుండెడిదే. మొదట్లో మెక్లీను పెట్టెలు 35 అడుగులు, పసిఫిక్కు తీరమున మాట్సన్ సంస్థ పెట్టెలు 24 అడుగులు. ఒకరి పెట్టె మఱియొకరి క్రేనుకు ఒదుగదు. 1960 దశకమున అంతర్జాతీయ ప్రమాణసంస్థ ఎన్నో ఏండ్ల చర్చల పిదప 20 అడుగులు, 40 అడుగులు అను పొడవులను, మూలల అమరికను ఏకరూపముగ నిర్ణయించెను. ఆ అమరికపై తన సంస్థకు గల పేటెంటు హక్కును మెక్లీను ధనము గోరక విడిచిపెట్టుట ఆ ఏకాభిప్రాయమునకు దారితీసిన ముఖ్యకారణములలో నొకటి. వ్యాపారి తన లాభము కొఱకే చేసినను, అది లోకమున కంతటికి చేసిన మేలని నేను తలంతును.

ఈ మేలు ఉచితముగ రాలేదు. ముఠాలు కట్టి, కొక్కెముతో బస్తాను లాగి వీపున మోసిన కార్మికులు వేలసంఖ్యలో ప్రతి రేవునందును ఉండిరి. వారి ఉపాధికి ఒక కట్టుదిట్టము కల్పించుటకై మన దేశమున 1948లో ప్రత్యేకముగ చట్టమే చేయవలసి వచ్చినది. ఆ వెనుక వచ్చిన పెట్టె పదునైదు ఇరువదిమంది ముఠా దినమంతయు చేయు పనిని నిమిషములలో ముగించినది. రేవుల ప్రగతిని వర్ణించు గ్రంథములు ఈ మనుష్యులను రెండు వాక్యములలో దాటిపోవుట నాకు న్యాయముగ తోచదు. వారి వీపుల మీదనే విశాఖ మొదటి డెబ్బది యేండ్లు నడచినది.

విశాఖ రేవు 1933లో నౌకలకు తెఱవబడెను. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమును సముద్రమునకు చేర్చుటకై బెంగాల్–నాగపూరు రైల్వేవారు మేఘాద్రిగెడ్డ సముద్రమున కలియుచోట, బురదనేలలను త్రవ్వి దానిని నిర్మించిరి. డాల్ఫిన్స్ నోస్ అని పేరొందిన కొండ దక్షిణమున సముద్రములోనికి చొచ్చుకొనివచ్చి గాలికిని కెరటమునకును అడ్డు నిలుచుట ఆ స్థలమునకు ప్రకృతి ఇచ్చిన వరము. కాని తూర్పుతీరమున ప్రతి రేవునకును ఒక శత్రువు గలదు; అది ఇసుక. నైరృతి ఋతుపవనముల కాలమున కెరటములు తీరమును ఏటవాలుగ తాకి ఇసుకను ఉత్తరమునకు నెట్టును. ఈశాన్య ఋతుపవనకాలమున కొంత వెనుకకు వచ్చినను, ఏడాది మొత్తము మీద ఉత్తరపు నడకయే అధికము. మద్రాసులో రేవుగోడలు కట్టిన పిమ్మట వాని దక్షిణమున ఇసుక చేరి మెరీనా వెడల్పగుటయు, ఉత్తరమున రాయపురము వైపు తీరము కోతకు గురియగుటయు ఈ నడక వలననే. విశాఖలో ఆ కాలపు ఇంజనీర్లు రెండు పాత ఓడలనే ముంచి వానిని అడ్డుగోడగా చేసి, ఇసుక వచ్చి పడుటకు ఒక గుంటను ఏర్పఱచి, అందు చేరిన దానిని ఏటేట త్రవ్వించు ఉపాయమును పన్నిరి. నేటికిని అట్లు తోడిన ఇసుకనే ఉత్తరమున నున్న నగర సముద్రతీరమునకు చేర్చి కోతను పూడ్చుచున్నారు. లోతును ఒకసారి సంపాదించిన చాలదు, ప్రతి సంవత్సరమును నిలుపుకొనవలెను.

1970 దశకమున బైలదిల్లా ఇనుపఖనిజమును జపానుకు పంపు పెద్ద నౌకల కొఱకు సముద్రములోనికి గోడలు చాచి బాహ్యనౌకాశ్రయమును కట్టిరి. ఆ లోతే తరువాతి తరమునకు అక్కఱకు వచ్చెను. మన దేశమున కంటైనరులు మొదట 1973లో కొచ్చిని చేరెను. ప్రత్యేకమైన టెర్మినలు 1983లో మద్రాసున వెలసెను. బొంబాయికి ఎదురుగనున్న నవషేవా రేవు 1989లో వచ్చెను. విశాఖవంతు 2003 వఱకు రాలేదు. ఆ యేట బాహ్యనౌకాశ్రయమున 450 మీటర్ల బెర్తుతో టెర్మినలు పని ప్రారంభించెను. తదుపరి విస్తరణతో ఆ పొడవు 800 మీటర్లు దాటెను.

లోతు ఇంతగా ఎందుకు కావలెనో తెలియుటకు కొంచెము గణితము అవసరము. ఒక ఓడ పొడవు, వెడల్పు, లోతులను రెండింతలు చేసినచో దాని గర్భము ఎనిమిదింతలగును. నీటిని తాకు ఉపరితలము నాలుగింతలే యగును. నీటి ఒరిపిడి ఉపరితలమును అనుసరించునది గనుక, ఒక్కొక్క పెట్టెకు పడు ఇంధనవ్యయము ఇంచుమించు సగమునకు దిగును. నావికుల సంఖ్యయో, ఓడ ఎంత పెద్దదైనను ఇరువదిమందికి అటునిటుగనే ఉండును. ఈ కారణము చేతనే 58 పెట్టెలతో మొదలైన ప్రయాణము నేడు 400 మీటర్ల పొడవున, ఇరువది అడుగుల లెక్కను 24,000 పెట్టెలకు మించి మోయు నౌకల వఱకు పెరిగినది. వేగమునకు గల నియమము ఇంతకంటెను కఠినము. ఓడ యంత్రమున కవసరమగు శక్తి స్థూలముగ వేగముయొక్క ఘనమును బట్టి పెరుగును. వేగమును పదింట ఒకవంతు తగ్గించినచో గంటకు కాలు ఇంధనము నాలుగింట ఒకవంతునకు పైగా తగ్గును. ప్రయాణమునకు ఎక్కువ గంటలు పట్టినను, యాత్ర ముగియునప్పటికి ఐదింట ఒకవంతు దాక మిగులును.

ఇప్పుడు పటమును తెఱచి చూడవలెను. సూయజు నుండి మలక్కా జలసంధికి పోవు మహానౌకామార్గము సింహళపు దక్షిణాగ్రమును ఒరసికొనుచు, ఆఱవ అక్షాంశమునకు కొంచెము దిగువగ సాగిపోవును. కొలంబో ఆ దారికి ప్రక్కనే యున్నది. విశాఖయో పదునేడు డిగ్రీలు దాటి ఉత్తరమున, బంగాళాఖాతపు నడిమిభాగమున నున్నది. అక్షాంశమున ఒక్కొక్క డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు చొప్పున లెక్కించినచో, ఒక మహానౌక విశాఖను తాకి మరల తన దారిలో పడుటకు 800 నాటికల్ మైళ్లకు పైగా అదనముగ నడువవలెను. గంటకు 18 నాటికల్ మైళ్ల వేగమున అది ఇంచుమించు రెండు దినముల నడక. పదివేల పెట్టెల ఓడ వందల పెట్టెల కొఱకు రెండు దినములను వ్యయపఱుపదు. అందుచేత చిన్న ఫీడరు నౌకలు విశాఖ సరకును కొలంబోకో, సింగపూరుకో, క్లాంగు రేవునకో చేర్చగా, అచ్చట అది పెద్ద నౌక కెక్కును. ఈ మధ్యమజిలీలో పెట్టెను దింపుటకును ఎక్కించుటకును అగు ఖర్చు, నిరీక్షణలో పోవు దినములు రెండును మన ఎగుమతిదారు తలపైననే పడును. సూటిగా దూరదేశములకు పోవు సేవ యొకటి రేవునకు లభించుట ఎంత విలువైనదో దీనిని బట్టి ఊహింపవచ్చును.

అట్టి సేవను ప్రారంభించుట ఒక ఓడను పంపుటతో కాదు. చుట్టుప్రయాణమునకు 42 దినములు పట్టునదైనచో, వారమునకొక ఓడ చొప్పున రావలెనన్న ఆఱు ఓడలు కావలెను; ఇంధనము ఆదా చేయుటకై వేగము తగ్గించి 49 దినములు చేసినచో ఏడు కావలెను. ఈ మాలికలో ఏ ఒక్క రేవునందైనను ఒక దినము వృథయైనచో నాయకునికి రెండే దారులు: వేగము పెంచి ఆ గంటలను పూడ్చుకొనుట, లేదా మఱియొక రేవును తాకక దాటిపోవుట. మొదటిది ఘననియమమును బట్టి ఇంధనమును మ్రింగును. రెండవది జరిగినప్పుడు దాటవేయబడునది సాధారణముగ సరకు తక్కువగ నున్న రేవే. కావున చిన్న రేవునకు గంటలే ధనము. ఒక క్రేను గంటకు ఇరువదియైదు ముప్పది పెట్టెలను కదపగలదా, తుపాను హెచ్చరిక తొలగిన వెంటనే పని మొదలగునా, పైలటు సమయమునకు ఓడ నెక్కునా అనునవి రేవులో నున్నవారికి నిత్యకృత్యములుగ తోచినను, ఓడల సంస్థ కార్యాలయమున వచ్చే సంవత్సరపు సేవలను గూర్చిన నిర్ణయము వాని మీదనే జరుగును.

విశాఖకు ఈ పోటీలో గట్టి అండగా నిలిచినది రొయ్య. 2009లో వన్నామీ రకమునకు అనుమతి లభించిన తరువాత గోదావరి, కృష్ణా మండలముల చెరువులలో దాని పెంపకము విస్తరించి, సముద్రోత్పత్తుల ఎగుమతి విలువలో విశాఖ దేశమున అగ్రస్థానముననున్న రేవులలో చేరినది. గడ్డకట్టిన రొయ్య మైనస్ 18 డిగ్రీల వద్ద రీఫరు అను శీతలపెట్టెలో అమెరికా వఱకు ప్రయాణించును. ఆ పెట్టెకు చల్లదనమును నిలుపుటయే పని, క్రొత్తగ గడ్డకట్టించు శక్తి లేదు; కనుక శీతలకర్మాగారపు వాకిలి నుండి ఓడ వఱకు ఎచ్చట విద్యుత్తు తప్పినను ఆ నష్టమును తరువాతి చల్లదనము పూడ్చదు. యార్డులో ప్లగ్గుల వరుసలు, ఓడపై ప్లగ్గులు, దారిలో లారీకి అమర్చిన జనరేటరు ఒకదానికొకటి అందిపుచ్చుకొనవలెను. దీనికి తోడు మఱియొక చిక్కు గలదు. మనము చల్లనిపెట్టెలలో పంపునది అధికము, అట్టి పెట్టెలలో తెప్పించుకొనునది స్వల్పము. కాబట్టి ఖాళీ రీఫరులను దూరపు రేవుల నుండి మోసి తేవలసియుండును. నియతసేవ లేనిచో ఆ ఖాళీలు సమయమునకు రావు, కోతకు వచ్చిన రొయ్య వేచియుండదు, రైతు దిగిన ధరకు అమ్ముకొనును. రేవునకు నూఱు మైళ్ల దూరమున చెరువుగట్టున నిలుచున్న మనుష్యుని ఆదాయమును ఒక ఓడ కాలపట్టిక ఇట్లు శాసించుచున్నది.

రొయ్య ఒక్కటే ఒక రేవును మోయలేదు. ఛత్తీసుగఢు, ఒడిషా, తెలంగాణములు విశాఖకు సహజమైన వెనుకభూములు. లోహములు, మిశ్రలోహములు, బియ్యము వంటి సరకులు అచ్చటి నుండి వచ్చును. 2016లో జరిగిన ఏర్పాటు ననుసరించి సముద్రము లేని నేపాలమునకును విశాఖ ఒక వాకిలి యైనది. కలకత్తా నుండి నేపాలపు సరిహద్దు పట్టణమైన బీర్‌గంజి సుమారు 700 కిలోమీటర్లు, విశాఖ నుండి సుమారు 1,400. రెట్టింపు దూరమున్నను ఈ దారిన రైలుబండ్లు నడచుటకు హేతువు కలకత్తా రేవున్న హుగ్లీ నది లోతు తక్కువయగుట, అచ్చటి రద్దీ. భూమిపై ఎక్కువ కిలోమీటర్లు నడచినను నీటి వద్ద గంటలు మిగిలినచో వర్తకుడు ఆ దారినే ఎన్నుకొనును.

లోతు, క్రేనులు ఉన్నను సేవ తొలగినచో ఏమగునో చూచుటకు మనము దూరము పోనక్కఱలేదు. నెల్లూరు తీరమున కృష్ణపట్నము మంచి లోతు గల రేవు. 2012లో అచ్చట కంటైనరు టెర్మినలు ప్రారంభమై, కొన్ని యేండ్లు చక్కగ నడచినది. 2024 ఆరంభమున కంటైనరు నౌకలు అచ్చటికి రావడము మానిన వార్త రాష్ట్రమంతట చర్చకు వచ్చెను. బెర్తు చోటు మాఱలేదు, సముద్రపు లోతు తగ్గలేదు. ఐనను నెల్లూరు రొయ్యయు గుంటూరు మిరపయు చెన్నై ప్రాంతపు రేవుల దారి పట్టవలసివచ్చినది. కట్టడము ఒక తరము నిలుచును, సేవ ఒక్క ఋతువులో పోవును. దానిని తిరిగి రప్పించుట క్రొత్త రేవును కట్టుటకంటె కష్టమని నా అభిప్రాయము, ఏలనన సరకు మఱియొక వాకిలికి అలవాటుపడినది.

విశాఖలో 2019–20 నాటికి ఏటి పెట్టెల సంఖ్య, ఇరువది అడుగుల లెక్కను, ఐదు లక్షలను అందుకొనెను. ఛత్తీసుగఢులోని రాయపూరు నుండి విశాఖకు ఆఱు వరుసల క్రొత్త రహదారి నిర్మాణములో నున్నది. అది పూర్తియైనచో ఛత్తీసుగఢు సరకు చేరువగును, దానితో పాటు రేవు ద్వారమున లారీల బారు పెరుగును. ఇకమీదట జాప్యము నీటివైపున కంటె నేలవైపుననే, కస్టమ్సు తనిఖీయందును, లారీల నిలుపుదలయందును, రైలుబండి కొఱకు యార్డులో వేచియుండుటయందును ఎక్కువగ పుట్టునని తోచుచున్నది. కాబట్టి ఈ యేడు ఇన్ని లక్షల పెట్టెలు దాటితిమని ప్రకటన వెలువడినప్పుడు పాఠకులు అచ్చట ఆగిపోక, వారమునకు ఎన్ని నౌకలు ఏ దేశముల నుండి నియమము తప్పక వచ్చుచున్నవో, ద్వారమువద్ద లారీ ఎన్ని గంటలు నిలుచుచున్నదో అడుగవలెను. ఆ అంకెలను నెలనెలకు ప్రజలకు తెలుపుమని రేవు అధికారులను కోరవలెను.